కింది వాటాలో మాయ

జూన్ 4

నాన్నకి,

ముందు నిన్నటి ఫోను సంగతి. నేను "డాక్టరు పడుకోమన్నారు" అంటే నీకు "మెట్ల మీద పడ్డాను" అని వినిపించిందట. తాళాల మావయ్య కొట్లో నిలబడి వీధంతా వినేలా అరిచావట. ఆయనే తర్వాత చెప్పాడు. నేను ఎక్కడా పడలేదు. ఇకమీదట ఏదున్నా ఉత్తరమే రాసుకుందాం. నీ చెవికీ నా గొంతుకీ మధ్య ఆ ఫోను నడిపే రాయబారం ఇక చాలు.

విషయమేంటంటే, చిన్న ఇబ్బంది వచ్చింది. మాయ కింద ఉంది. పోనీ ఓ పక్కగా ఉన్నా బాగుండేది, సరిగ్గా దారికి అడ్డంగా ఉంది. మొదట్నుంచీ అక్కడే ఉందట, మాకే ఆలస్యంగా తెలిసింది. రోజులు గడిచేకొద్దీ తనంతట తనే పైకి వెళ్లిపోవచ్చు, చాలామంది విషయంలో అలాగే జరుగుతుంది అంటున్నారు. వెళ్లకపోతే అప్పుడు చూసుకోవాలి. అందాకా నేను స్కూలుకి వెళ్లకూడదు, బరువులెత్తకూడదు, ప్రయాణాలు చెయ్యకూడదు. మీ అల్లుడు ముందు గదిలో పడుకుంటున్నారు.

పిల్లల చేత గంతులు వేయించే డ్రిల్లు టీచర్ని తీసుకొచ్చి మంచం మీద పడేస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. కిటికీలోంచి ఎదురింటివాళ్లు వంగి పని చేసుకుంటుంటే "నడుము నిటారుగా" అని అరవబోయి ఆగుతున్నాను. నా ఈల ఇప్పుడు లెక్కల టీచర్ దగ్గరుంది. ఆవిడ దాన్ని ఊదుతుంటే కుక్కర్ కూసినట్టుందని పిల్లలు ఫిర్యాదు చేస్తున్నారు.

నువ్వేమీ కంగారుపడకు.

నీ పిడుగు


జూన్ 8

పిడుగుకి,

నీ ఉత్తరం అందింది. చదివాను. తాళాలవాడి చేత కూడా చదివించుకున్నాను, నా కళ్లదేమైనా పొరపాటేమోనని. పొరపాటేమీ లేదు.

సూటిగా అడుగుతున్నాను. ఈ మాయ ఎవరు? కింది వాటాలో పరుపులు కుట్టే ముసలావిడ ఒకరు ఉంటారని చెప్పావు గాని, ఈవిడ ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. ముసలావిడ కూతురా, మనవరాలా? మొదట్నుంచీ అక్కడే ఉందంటున్నావు. అంటే మీ పెళ్లికి ముందు నుంచా? అల్లుడు ముందు గదిలో పడుకుంటున్నాడని రాశావు. అంతకన్నా విడమర్చి రాయనక్కర్లేదు. నేను పైపుల పనివాణ్నేగాని పసిపిల్లవాణ్ని కాదు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. తనంతట తనే పైకి వెళ్లిపోతుందని ఎదురుచూస్తున్నావు. పైకి అంటే మీ వాటాలోకా, దేవుడి దగ్గరికా? మొదటిదైతే వెంటనే తలుపుకి గొళ్లెం పెట్టించు. రెండోదైతే, ఎంత కడుపుమంట ఉన్నా ఇంకొకరి చావు కోరుకోకూడదు తల్లీ. నిన్ను అలా పెంచలేదు. చాలామంది విషయంలో అలాగే జరుగుతుందని నీకు చెప్పినవాళ్లెవరో గాని, వాళ్లతో స్నేహం మానెయ్.

నేను రేపే బయల్దేరి వచ్చేవాణ్ని. ఇక్కడ ఒక పెద్ద హాస్టల్లో పైపులన్నీ మార్చే పని ఒప్పుకున్నాను. మధ్యలో వదిలితే పిల్లలకి స్నానాలుండవు. అందుకని ఒక ఏర్పాటు చేశాను. తాళాలవాడి అక్క మీ ఊళ్లోనే ఉంది. ఆడవాళ్ల జైల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. ఓసారి వెళ్లి ఆ మాయని చూసిరమ్మన్నాను. ఆవిడ ఏమీ అనదు, ఎదురుగా కూర్చుంటుందంతే. ఆవిడ కూర్చుంటే చాలు, ఎదుటివాళ్లు వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారట.

నువ్వు ధైర్యంగా ఉండు. కడుపుతో ఉన్నదానివి, వేళకి తిను. ఏడవకు.

నాన్న


జూన్ 9

నాన్నకి,

నువ్వు జవాబు రాశావో లేదో, ఇంకా అందలేదు. నేనిప్పుడు ఆస్పత్రిలో ఉన్నాను. మాయ వల్ల మళ్లీ ఇబ్బంది వచ్చింది, ఈసారి కొంచెం ఎక్కువగానే. మీ అల్లుడి మొహం పాలిపోయింది. ఇంటి దగ్గర ఉంటే ప్రమాదమని ఇక్కడే ఉంచారు.

మా డాక్టరమ్మ పొట్టిగా ఉంటుంది గాని గొంతు మాత్రం నా గొంతే. కుర్ర డాక్టర్లని మంచం చుట్టూ నిలబెట్టి, "మాయ జోలికి ఎవరూ పోకండి. తెలిసీ తెలియక చెయ్యి పెట్టారో, ఆ తర్వాత ఆపడం మీ తరం కాదు, నా తరమూ కాదు" అని గట్టిగా చెప్పింది. వాళ్లంతా చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

నిన్న చూడటానికి వచ్చే వేళలో తలుపు చప్పుడైనప్పుడల్లా మొదటి ఉత్తరం చూసి నువ్వే బయల్దేరి వచ్చావేమోనని చూశాను. పనుందేమోలే. పైపులు ఆగవుగా.

పిడుగు


జూన్ 12

పిడుగుకి,

నిన్ను ఆస్పత్రి పాలు చేసేదాకా వచ్చిందా. డాక్టర్లు సైతం చేతులు వెనక్కి పెట్టుకున్నారంటే అది ఎలాంటి మనిషో నాకు అంతుపట్టడం లేదు.

అల్లుడికి విడిగా ఒక ఉత్తరం రాశాను. బాగా రాలేదనిపించి చించేశాను. మళ్లీ రాశాను. అది బాగా వచ్చిందని తాళాలవాడు చించేశాడు.

పైపులు ఆగవన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే రాసి ఉంటావు.

నాన్న


జూన్ 16

నాన్నకి,

నీ ఉత్తరాలు రెండూ ఈరోజే ఒకేసారి అందాయి. మొదటిది చదువుతుంటే నర్సు పరిగెత్తుకొచ్చి మంచం ఎందుకు ఊగుతోందని అడిగింది. నవ్వుతున్నానని చెబితే నమ్మలేదు. బీపీ చూసి వెళ్లింది.

నాన్నా, మాయ మనిషి కాదు. కడుపులో బిడ్డకి తిండీ గాలీ అందించేదాన్ని మాయ అంటారు. బొడ్డుతాడు ఒక కొస బిడ్డకి, రెండో కొస దానికి ఉంటుంది. కాన్పయ్యాక బిడ్డ వెనకే బయటికి వస్తుంది. అది గర్భసంచిలో పైనెక్కడో అంటుకుని ఉండాలి. నాకు అడుగున, సంచి నోటికి అడ్డంగా అంటుకుంది. నెలలు నిండేకొద్దీ సంచి అడుగు సాగుతుంది. సాగినప్పుడు మాయ అంచు లేచి నెత్తురు పోతుంది. నువ్వు భయపడతావని ఆ నెత్తురు మాట మింగేశాను. మింగేసరికి మిగిలిన ఉత్తరం ఇలా తయారైంది.

అసలు జరిగింది చెబుతాను. స్కూల్లో పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాను. ఉన్నట్టుండి నెత్తురు ధారగా పోయింది, ఎర్రగా. నొప్పి ఇసుమంత కూడా లేదు. నొప్పే లేదుకదా, ఇంటికెళ్లి పడుకుంటే సర్దుకుంటుందిలే అనుకున్నాను. హెడ్మిస్ట్రెస్ ఊరుకోక ఆస్పత్రికి తీసుకొచ్చింది. డాక్టరమ్మ స్కానింగ్ చూసేదాకా లోపల చెయ్యి పెట్టి పరీక్ష చెయ్యలేదు. ఎందుకని అడిగితే, "మాయ ఎక్కడుందో తెలియకుండా పరీక్ష చేస్తే ఆ వేలే దాన్ని చీల్చేస్తుంది" అంది. తర్వాత నన్ను తిట్టింది. "నొప్పి లేకపోతే ఊరుకుంటారా? ఈ నెలల్లో నెత్తురు కనబడితే, చుక్కైనా సరే, ఇటు రావడమే" అంది.

పక్క మంచంలో గొడుగులమ్మే అమ్మాయి ఉండేది. తనకి మాయ ఉండాల్సిన చోటే ఉంది. బీపీ పెరిగి, అంటుకున్నది కాస్తా కాన్పుకి ముందే ఊడటం మొదలైంది. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది, నొప్పితో విలవిల్లాడింది. బయటికి పోయిన నెత్తురు మాత్రం కొంచెమే. మిగతాదంతా లోపలే నిలిచిపోతుందట. అందుకే చూసినదాన్ని బట్టి లెక్కగట్టకూడదంది డాక్టరమ్మ. మేం ఏం జరుగుతోందో అడిగేలోపే ఆపరేషన్ గదికి తీసుకెళ్లిపోయారు. తల్లీ బిడ్డా దక్కారు.

ఇక నీ వార్డెనమ్మ. ఆవిడ పరుపుల మామ్మ గదికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, చాలాసేపు చూసి, "మాయ నువ్వేనా?" అందట. మామ్మ వణికిపోయి, "ఏ మాయా లేదమ్మా, కొత్త దూదిలో పాత దూది కలిపిన మాట మాత్రం నిజం" అని ఒప్పేసుకుంది. "పై వాటా అబ్బాయితో నీకేంటి సంబంధం?" అని అడిగితే అప్పుడు తేరుకుని, "ఈ వయసులో నన్ను ఆ మాట అడిగావు, నీ నోట్లో చక్కెర పొయ్య" అందట. ఇప్పుడిద్దరూ ప్రాణస్నేహితులు. కలిసి నన్ను చూడటానికి వచ్చారు. మీ అల్లుడు మాత్రం మామ్మ ఎదురుపడితే గోడ వైపు తిరిగి నడుస్తున్నారు.

వార్డెనమ్మ కూర్చుంటే ఎదుటివాళ్లు చెప్పేస్తారన్నావు. నేను కూర్చోబెడితే ఆవిడే చెప్పేసింది. "పాపం, కాలు విరిగి పిండికట్టుతో పడున్న తండ్రి ఏం చేస్తాడమ్మా, అందుకే నన్ను పంపాడు" అంది.

హాస్టల్లో పైపులెలా ఉన్నాయి నాన్నా?

పిడుగు


జూన్ 20

పిడుగుకి,

హాస్టల్లో పైపుల్లేవు. హాస్టలే లేదు. నీ ఫోను వచ్చిన మర్నాడు పనిలో నిచ్చెన ఎక్కాను. నిచ్చెన బాగానే ఉంది, నేనే పడ్డాను. చీలమండ విరిగింది. నీ ఒంట్లో బాగున్నప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వూ అదే అనుకున్నట్టున్నావు. మనిద్దరం ఒకరి మీద ఒకరం ప్రేమ కురిపించుకుని చివరికి ఒక ముసలావిణ్ని జైలు వార్డెను ముందు కూర్చోబెట్టాం.

తాళాలవాడు తాళం కోసం వచ్చినవాళ్లకి తాళం ఇచ్చే ముందు ఈ కథ చెబుతున్నాడు. తాళాలు అక్కర్లేనివాళ్లు కూడా వస్తున్నారు.

నీ నెత్తురు సంగతి చదివాక అన్నం సహించలేదు. రెండ్రోజులు దాని గురించే ఆలోచించాను. ఎక్కడైనా నీళ్లు కారుతుంటే నేను మొదట చేసేది చెయ్యి పెట్టి తడిమి చూడటమే. జీవితమంతా అలాగే చేశాను. నీ విషయంలో అదే ప్రాణాంతకమని చదివి, నేను డాక్టర్ని కానందుకు మొదటిసారి సంతోషించాను. అయినా ఒక ఆలోచన వచ్చింది. మంచం కాళ్ల వైపు రెండు ఇటుకలు పెడితే వాలు తలవైపుకి మారుతుంది. మాయ పైకి జారదా? డాక్టరమ్మని అడిగి చెప్పు. నా పేరు చెప్పక్కర్లేదు, ఒక అనుభవమున్న మనిషి అడిగాడని చెప్పు.

అల్లుడి గురించి నేను రాసినవేవీ అతనికి చెప్పకు. చెప్పేసి ఉంటే, సగం మాత్రమే నా మాటలని చెప్పు, మిగతా సగం తాళాలవాడి మీదకి నెట్టెయ్.

ఇకమీద ఉన్నదున్నట్టు రాయి. నేనూ అలాగే రాస్తాను. కాలు దురద పెడుతోంది. గోక్కోవడానికి సన్నటి రాగి పైపు వాడుతున్నాను.

నాన్న


జూలై 1

నాన్నకి,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నెత్తురు ఆగింది. మళ్లీ స్కానింగ్ చేశారు. మాయ జరగలేదు, అక్కడే బైఠాయించింది. ఇక మామూలు కాన్పు కుదరదు, ఆపరేషనే. నొప్పులొచ్చేదాకా ఆగరు, ముందే తీస్తారు. తేదీ ఈ నెల చివర్లో ఇచ్చారు. ఈలోపు నెత్తురు పోతే తేదీ లేదూ ఏమీ లేదు, అప్పటికప్పుడే. తొందరపడి పుట్టినా ఊపిరితిత్తులు పనిచెయ్యాలని బిడ్డ కోసం నాకు ఇంజెక్షన్లిచ్చారు. నెత్తురు పట్టడానికి ఐరన్ మాత్రలు మింగుతున్నాను.

నీ ఇటుకల సంగతి అడిగాను. "మాయ అంటుకుని ఉంటుంది, జారదు. సంచి పెరిగేకొద్దీ అంటుకున్న చోటే పైకి జరగాలి. వాలుతో పని లేదు" అంది డాక్టరమ్మ. ఆ అనుభవమున్న మనిషి ఏం పని చేస్తారని కూడా అడిగింది. నేను చెప్పలేదు. మీ అల్లుడు చెప్పేశారు.

ఆపరేషన్లో అవసరం పడొచ్చని నా గ్రూపు రక్తం సిద్ధంగా ఉంచుతున్నారు. దానికి బదులు ఎవరైనా రక్తమివ్వాలంటే వార్డెనమ్మ తన పాత తోటివాళ్లని వెంటపెట్టుకొచ్చింది. రిటైరైన జైలు వార్డెన్లు వరసగా నడిచొస్తుంటే నాకు కన్నుల పండగైంది. అంత చక్కటి కవాతు మా స్కూల్లో ఎప్పుడూ చూడలేదు. మీ అల్లుడు కూడా ఇచ్చారు. ఇచ్చాక లేచి నిలబడి, మళ్లీ పడుకున్నారు.

షరతుల మీద ఇంటికి పంపారు. మెట్లెక్కకూడదు, ఒంటరిగా ఉండకూడదు, ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలి. ఊరంతా లిఫ్టులు బాగుచేసే మీ అల్లుడి ఇంటికే లిఫ్టు లేకపోవడం నీకు తెలిసిందే. దాంతో పరుపుల మామ్మ, "నా గదిలో పడుకో, ఇక్కడ ఉన్నవన్నీ పరుపులేగా" అంది. ఇప్పుడు కింది వాటాలో నిజంగానే ఒక మాయ ఉంది, నాతో పాటు.

సరదాగా రాస్తున్నానని నాకు భయం లేదనుకోకు. తుమ్మాలన్నా భయంగా ఉంది.

పిడుగు


జూలై 5

పిడుగుకి,

ఒక్కటే ప్రశ్న. మామ్మగారికి చెవులు బాగా వినిపిస్తాయా? నాలాంటి మనిషిని పక్కన కాపలా పెట్టుకుని ప్రయోజనం లేదు. వెంటనే రాయి.

భయం ఉందని రాసినందుకు మంచిదైంది. నాకూ ఉంది.

నాన్న


జూలై 18

నాన్నకి,

నేను చెబుతుంటే మీ అల్లుడు రాస్తున్నారు. మధ్యలో తన మాటలు కలపనని ఒట్టేశారు.

ఆ రోజు పొద్దున మామ్మ కిటికీ దగ్గర కూర్చుని పరుపు అంచు కుడుతోంది. వార్డెనమ్మ వచ్చి తన జైలు కబుర్లు చెబుతోంది. నేను వింటూ పడుకున్నాను. వెచ్చగా అనిపించింది. చూసేసరికి కింద పరుపంతా తడిసిపోయింది. ఇంతకుముందులా కాదు, ఆగడం లేదు.

"మామ్మా, మీ పరుపు పాడైపోయింది" అన్నాను. ఎందుకో ముందు ఆ మాటే వచ్చింది.

"పరుపు సంగతి నేను చూసుకుంటా. నువ్వు కదలకు" అంది. ఆవిడ చేతిలో సూది అలాగే ఉంది. ఒక ప్రశ్న కూడా అడగలేదు.

వార్డెనమ్మ వీధిలోకి వెళ్లి నడిరోడ్డు మీద నిలబడింది. ఎదురుగా బీరువాలు మోసే వ్యాను వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు. అతనే దిగొచ్చి, "ఏం చెయ్యమంటారమ్మా?" అన్నాడు. అతనూ వాళ్లిద్దరూ కలిసి నన్ను పరుపుతో సహా ఎత్తి వ్యానులో పెట్టారు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, మామ్మ నా చెయ్యి పట్టుకుంది. వార్డెనమ్మ డ్రైవరు పక్కన కూర్చుంది. దారిలో ఎవరూ మాకు అడ్డం రాలేదు.

మీ అల్లుడు ఆ సమయానికి ఒక ఆఫీసు భవనంలో రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుని ఉన్నారు. (బాగుచేస్తుంటే కరెంటు పోయింది. నా తప్పు లేదు మావయ్యగారూ.) ఒట్టు తీసి గట్టు మీద పెట్టారు చూశావుగా.

ఆస్పత్రిలో రక్తం ఎక్కించడం మొదలుపెట్టి నేరుగా ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ నా మొహం దగ్గరికి వంగింది. అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలీదు. "బిడ్డ గుండె కొట్టుకుంటోంది. మాయ ఉన్నచోట కండ బిగుసుకోదు, తీశాక నెత్తురు ఆగడం కష్టం కావచ్చు. మందులిస్తాం, కుట్లేస్తాం. దేనికీ ఆగకపోతే గర్భసంచి తీసెయ్యాల్సి వస్తుంది. నిన్ను బతికించడానికి. ఒప్పుకుంటావా?" అంది.

ఆయన లేరు, నువ్వు లేవు. సరే అన్నాను. సంతకం వంకరగా వచ్చింది.

తీయాల్సిన అవసరం రాలేదు. నెత్తురు చాలాసేపటిదాకా ఆగలేదట, తర్వాత ఆగింది. ఎక్కించిన రక్తంలో సీసా తర్వాత సీసా ఎవరెవరిదో. వాళ్ల మొహాలు నాకెప్పటికీ తెలియవు.

ఆడపిల్ల. చిన్నగా ఉంది, వెచ్చగా ఉండాలని అద్దాల పెట్టెలో పెట్టారు. ఊపిరి సొంతంగానే తీసుకుంటోంది. నన్ను ఈరోజు చక్రాల కుర్చీలో తీసుకెళ్లి చూపించారు. నా వేలు పట్టుకుంది.

ఇంతకన్నా చెప్పలేను, అలిసిపోయాను.

పిడుగు


జూలై 22

పిడుగుకి,

ఆ రోజు అల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను కొట్లోనే ఉన్నాను. రిసీవరు లాక్కోబోతే తాళాలవాడు ఇవ్వలేదు. "నువ్వు వింటే ఉన్నవాళ్లని కూడా చంపేస్తావు" అని, తనే విని, కాగితం దొరక్క నా పిండికట్టు మీద రాశాడు. అందుకని నా బిడ్డ బతికిన వార్త నేను నా కాలు మీద, అదీ తలకిందులుగా చదువుకున్నాను. మొదట "ఆడపిల్ల" అని కనబడింది. కింద "ఇద్దరూ క్షేమం" అని ఉంది. ఆ రెండు ముక్కల మధ్య నేను ఊపిరి తీసుకోలేదు. తర్వాత వెళ్లి తాళాలు వేలాడదీసిన గోడ వైపు తిరిగి నిలబడ్డాను. తాళాలవాడు అటు రాలేదు. వచ్చినవాళ్లనీ కాసేపు బయటే ఆపాడు.

అల్లుడితో చెప్పు, లిఫ్టులో ఇరుక్కున్నందుకు బాధపడొద్దని. నేను చదివిన ఉత్తరంలో అతని చేతిరాత చివరి పేరాలో బాగా అలికినట్టుంది. నీళ్లు పడ్డట్టున్నాయి. ఏం నీళ్లో నేను అడగను, నీళ్ల సంగతి నాకు తెలుసు. మంచి మనిషి. ఈ మాట మాత్రం మొత్తం చెప్పు.

మామ్మగారికి, వార్డెనమ్మకి, ఆ వ్యాను డ్రైవరుకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మామ్మగారి గదిలో కారే కుళాయి ఉంటే నేను వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వొద్దని చెప్పు.

కట్టు నిన్న కోసేశారు. కాలు సన్నబడి ఎవరిదో కాలులా ఉంది. కర్ర సాయంతో నడుస్తున్నాను. రేపు మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతున్నాను, ఈ ఉత్తరం కన్నా ముందు నేనే చేరతానేమో. తాళాలవాడు కొట్టు మూసి నాతో వస్తున్నాడు. బస్సులో నా పక్కన కూర్చుని ఎవరేమన్నారో నాకు చెబుతాడట.

డాక్టరమ్మ బిడ్డని పెట్టెలోంచి తీసి నీ చేతికిచ్చి ఉంటే, ఒక్కసారి నా చేతికీ ఇవ్వు. ఇంత చిన్నదాన్ని ఎత్తుకుని చాలా ఏళ్లయింది. తల కింద చెయ్యి పెట్టాలని మాత్రం గుర్తుంది. మిగతాది నువ్వు పక్కన కూర్చుని చెబుతూ ఉండు.

నాన్న